శబ్ద నిదానం

ప్రవేశిక

యంత్రాలు మన చేతికి వచ్చినంత వేగంగా వాటిని గురించిన వివేచన మన మాటల్లోకి రాలేదు. యంత్రం మొరాయిస్తే మరమ్మతు దుకాణానికి పరుగెత్తడమో, దానిని మూలన పడవేయడమో తప్ప, దోషం ఎక్కడ ఉన్నదని ఆలోచించే అలవాటు చాలామందికి లేదు. ల్యాప్‌టాప్ కంప్యూటరు స్పీకర్లలో వినిపించే గరగర శబ్దాన్ని ఉదాహరణగా తీసుకొని, దోషకారణాన్ని క్రమపద్ధతిలో కనుగొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రాచీన వైద్యులు, వైయాకరణులు అనుసరించిన తర్కమే నేటి యంత్రపరీక్షకూ ఆధారమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సంస్కృతంలో 'నిదానం' అంటే మూలకారణం. రోగానికి కారణమేమిటో నిర్ణయించడాన్ని కూడా ఆయుర్వేదం నిదానమనే పేరుతోనే వ్యవహరించింది. మాధవకరుడు రచించిన వైద్యగ్రంథం 'మాధవ నిదానం'గా ప్రసిద్ధి కెక్కింది. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి మరొక అర్థాన్ని సంతరించుకొన్నది. 'నిదానంగా నడువు', 'నిదానంగా మాట్లాడు' అన్నప్పుడు తొందరపాటు లేకపోవడమనే భావం మనకు స్ఫురిస్తుంది. 'నిదానమే ప్రధానం' అనే నానుడిలో ఈ రెండు అర్థాలూ ఒదిగిపోతాయి. తొందరపడనివానికే మూలకారణం దొరుకుతుంది. మూలకారణం దొరికినవానికే చికిత్స చేతనవుతుంది. ఈ సూత్రం మనిషి దేహానికి ఎంతగా వర్తిస్తుందో, మనిషి చేసిన యంత్రానికీ అంతగానే వర్తిస్తుంది.

ల్యాప్‌టాప్‌లో పాఠం వింటుండగా ఉపన్యాసకుని కంఠం వెనుక చిటపటలు మొదలవుతాయి. పాట మధ్యలో గరగర వినిపిస్తుంది. 'స్పీకర్ పోయింది' అని వెంటనే తీర్మానించడం సామాన్యంగా జరిగే పని. నిజానికి స్పీకర్ ఆ శబ్దం బయటపడే ద్వారం మాత్రమే. దోషం లోపల ఎక్కడ పుట్టినా వినిపించేది అక్కడి నుంచే. దగ్గు గొంతులో వినిపించినంత మాత్రాన జబ్బు గొంతులోనే ఉన్నదని వైద్యుడు నిర్ణయించడు కదా!

గరగర వల్ల కలిగే నష్టం

స్పీకర్‌లో కొద్దిపాటి గరగర ఉంటే ఏమవుతుందని తేలికగా తీసుకొనేవారు ఉంటారు. సంగీతం విని ఆనందించేవారికి అది చిరాకు మాత్రమే కావచ్చు. విని నేర్చుకొనేవారి సంగతి వేరు. 'పాలు', 'తాలు', 'కాలు' అనే మూడు మాటలను ఉదాహరణగా తీసుకొందాం. మొదటిది పుష్టినిచ్చే ఆహారం, రెండవది గింజలేని పొట్టు, మూడవది శరీరావయవం. ఇంతటి అర్థభేదానికి ఆధారం మొదటి హల్లు ఒక్కటే. పెదవులో, దంతాలో, కంఠమో మూసుకొని విడివడే ఆ క్షణం సెకనులో నూరోవంతు పాటిది. సరిగా ఆ క్షణంలో స్పీకర్ 'చిట్' మంటే హల్లు మాయమవుతుంది. పాలేదో తాలేదో తెలియకుండా పోతుంది. స్వరం మారినందువల్ల త్వష్ట చేసిన యజ్ఞం ఫలితమే తలకిందులైనట్లు వైదిక వాఙ్మయం చెబుతున్నది. ఉచ్చారణ శుద్ధంగా ఉండి కూడా, దానిని మోసుకొని వచ్చే సాధనం చెడితే అర్థం చెడుతుంది.

2020లో కోవిడ్ మహమ్మారి కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు లక్షలాది విద్యార్థులు ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్ల ద్వారానే పాఠాలు విన్నారు. నాడు స్పష్టంగా వినబడని పాఠం చాలామందికి లేని పాఠమే అయింది. దృష్టిలోపం ఉన్న విద్యార్థులకు ఈ అవసరం మరింత తీవ్రమైనది. తెర మీది అక్షరాలను కంఠస్వరంగా మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్‌లు వారికి కళ్ళవంటివి. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ప్రారంభించాడు. జేమ్స్ టే అందులో అతనికి తోడయ్యాడు. వారిద్దరూ అంధులే. దానిలో తెలుగును చదివించుకొనే సౌకర్యం కూడా ఉన్నది. అటువంటి సాధనంతో చదువుకొనే విద్యార్థికి స్పీకర్‌లో గరగర అంటే పుస్తకం పుటల మీద సిరా ఒలికినట్లే.

సంప్రాప్తి: శబ్దం నడిచే దారి

రోగనిర్ణయానికి ఆయుర్వేదం ఐదు సాధనాలను చెప్పింది. అవి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. కారణం నిదానం. జబ్బు రాబోతున్నదని తెలిపే తొలి సూచన పూర్వరూపం. స్పష్టమైన లక్షణం రూపం. ఆహారౌషధాదులను మార్చి, ఏది ఉపశమనమిస్తున్నదో గమనించడం ఉపశయం. దోషం దేహంలో వ్యాపించిన తీరు సంప్రాప్తి. వీటిలో సంప్రాప్తిని ముందుగా పరిశీలిస్తే మిగిలినవి సులభంగా బోధపడతాయి. దారి తెలియనివాడు దారిలో పడిన గుంతను వెతకలేడు.

కంప్యూటరులో శబ్దం మొదట అంకెల రూపంలో ఉంటుంది. గాలిలోని ధ్వనితరంగం ఎత్తును క్షణక్షణానికీ కొలిచి, ఆ కొలతలను వరుసగా భద్రపరచడం ఇందులోని కిటుకు. 1982లో విపణిలోకి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు ఉంటాయి. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లలో ఏదో ఒకటి విలువగా ఉంటుంది. వీడియోలలో సాధారణంగా సెకనుకు 48,000 కొలతలు వాడతారు. మనిషి చెవి స్థూలంగా 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు ఉండే ధ్వనులను వినగలదు కాబట్టి ఈ సంఖ్యలు సరిపోతాయి.

ఈ అంకెలను ఆపరేటింగ్ సిస్టం అందుకొంటుంది. శబ్దవిభాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. కంప్యూటరు ఒకేసారి అనేక పనులు చేస్తుంది కాబట్టి, అంకెలను ఒక్కొక్కటిగా పంపకుండా కొన్నింటిని మూటగట్టి 'బఫర్' అనే నిలువచోటులో ఉంచుతుంది. సెకనులో నూరోవంతుకు సరిపడే మూటలో 480 కొలతలు ఉంటాయనుకొందాం. అవి పూర్తికాకముందే రెండవ మూట సిద్ధం కావాలి. బావిలో నీరు చేది తొట్టిలో పోస్తుంటే, తొట్టి నుంచి బోదెలోకి ధార పోతున్నదని ఊహించవచ్చు. చేదేవాడు ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే తొట్టి ఎండి ధార తెగుతుంది. బఫర్ ఎండినప్పుడు శబ్దధార కూడా అట్లాగే తెగుతుంది. ఆ తెగిన చోటే మనకు 'చిట్' మని వినిపిస్తుంది.

అక్కడి నుంచి అంకెలు ఒక చిప్పులోకి వెళ్ళి విద్యుత్తరంగాలుగా మారతాయి. యాంప్లిఫయర్ వాటికి బలం చేకూరుస్తుంది. చివరకు అవి స్పీకర్‌లోని సన్నని తీగచుట్టలోకి ప్రవహిస్తాయి. అయస్కాంతం నడుమ ఉన్న ఆ తీగచుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి అంటుకొని ఉన్న పలుచని పొర గాలిని కదిలిస్తుంది. ఈ నిర్మాణాన్ని నేటి రూపానికి తెచ్చినవారు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు. వారి పరిశోధన 1925లో వెలుగు చూసింది. అప్పటి స్పీకర్లు పెద్ద పెట్టెలంత ఉండేవి. ల్యాప్‌టాప్‌లోని స్పీకర్ బొటనవ్రేలంత చోటులో ఒదగవలసి వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు.

రూపం: శబ్దానికి పేరు పెట్టడం

లక్షణాన్ని సరిగా చెప్పగలిగితే సగం నిర్ణయం అయినట్లే. ఈ విషయంలో తెలుగువారికి భాష గొప్ప సహాయం చేస్తుంది. ధ్వన్యనుకరణ పదాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. 'సౌండు బాగాలేదు' అని ఊరుకోకుండా, ఆ బాగాలేని శబ్దం ఎట్లా ఉన్నదో చెప్పడానికి ఇవి అక్కరకు వస్తాయి.

పోపులో ఆవాలు పేలినట్లు ఉండి ఉండి చిటపటలాడితే, అది ఎక్కువగా బఫర్ ఎండడం వల్ల కలిగేది. మెల్లని మాటలప్పుడు స్వచ్ఛంగా ఉండి, గట్టిగా పలికినప్పుడే కంఠం జీరబోతే, తరంగం తన హద్దును దాటిందని అర్థం. యంత్రం మోయగలిగినంత ఎత్తుకు మించి తరంగాన్ని పెంచితే దాని శిఖరం తెగిపోతుంది. శిఖరం తెగిన గోపురం మొండిగా కనిపించినట్లే, శిఖరం తెగిన తరంగం మొరటుగా వినిపిస్తుంది. ఏ పాటా మ్రోగకపోయినా తుమ్మెద ఝుంకారంవంటి హోరు ఎడతెగక ఉంటే విద్యుత్సరఫరాను అనుమానించాలి. ఏదో ఒక స్థాయి ధ్వని వచ్చినప్పుడు మాత్రమే గాలికి కాగితం రెపరెపలాడినట్లు ఉంటే, స్పీకర్ పొర చిరిగిందో, దగ్గరి మరచుట్టు వదులైందో కావచ్చు. పాట మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ ఒక్కసారి 'టప్' మంటే, విద్యుత్తును ఆదా చేయడానికి శబ్దవిభాగం నిద్రలోకి జారుకోవడం, మేలుకోవడం అందుకు కారణం కావచ్చు. ఇది సాధారణంగా జబ్బు కాదు.

పూర్వరూపాన్ని కూడా మరువకూడదు. గరగర ఎప్పుడు మొదలయింది? కొత్త ప్రోగ్రాము ఎక్కించిన తరువాతనా, ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్ అయిన తరువాతనా, యంత్రం చేజారి పడిన తరువాతనా, వానకు సంచి తడిసిన తరువాతనా? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే వెతకవలసిన దారి సగానికి తగ్గుతుంది.

ఉపశయం: ఒక్కొక్కటిగా పరీక్షించడం

వ్యాకరణశాస్త్రంలో 'అన్వయ వ్యతిరేకాలు' అనే పద్ధతి ఉన్నది. ఒకటి ఉన్నప్పుడు రెండవది ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇదీ లేకపోవడం వ్యతిరేకం. పదంలో ప్రకృతి అర్థమేదో, ప్రత్యయం అర్థమేదో విడదీయడానికి పతంజలి మహాభాష్యంలో ఈ పద్ధతిని వినియోగించాడు. తెలుగు మాటలతోనే దీనిని గ్రహించవచ్చు. 'రామునితో', 'రామునికి', 'రామునిలో' అన్నప్పుడు వ్యక్తి మారలేదు, సంబంధం మారింది. మారినవి 'తో', 'కి', 'లో' మాత్రమే. కనుక సంబంధాన్ని తెలిపేవి అవే. 'రామునితో', 'సీతతో', 'కలముతో' అని మార్చిచూస్తే ఆ నిర్ణయం స్థిరపడుతుంది. ఇందులోని రహస్యం ఒక్కటే. ఒకసారికి ఒక్కదానినే మార్చాలి. రెండింటిని కలిపి మార్చితే ఫలితం దేనివల్ల కలిగిందో తేలదు.

యంత్రపరీక్షలోనూ ఇదే నియమం. పరీక్షలను తేలికైన వాటితో మొదలుపెట్టి, ఒక్కొక్కదాని ఫలితాన్ని కాగితం మీద వ్రాసుకోవాలి.

మొదటి పరీక్ష శబ్దానికి మూలమైన ఫైలును మార్చడం. ఒకే పాటలో, ఒకేచోట, ప్రతిసారీ గరగర వస్తూ ఇతర పాటలు శుభ్రంగా ఉంటే దోషం ఆ ఫైలుది. యంత్రం నిర్దోషి.

రెండవ పరీక్ష ధ్వనిస్థాయిని తగ్గించడం. సగానికి తగ్గించగానే గరగర పోతే, తరంగం హద్దు మీరుతున్నదని గాని, స్పీకర్ బలహీనపడినదని గాని భావించాలి. కొన్ని ప్లేయర్లలో ధ్వనిని 100 శాతానికి మించి పెంచే వీలున్నది. ఆ అదనం చాలాసార్లు ధ్వనిని గాక వికృతిని పెంచుతుంది.

మూడవ పరీక్ష తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి వినడం. ఇది అన్నింటిలోకీ ముఖ్యమైనది. ఇయర్‌ఫోన్‌లో శబ్దం స్వచ్ఛంగా ఉండి స్పీకర్‌లో మాత్రమే గరగర ఉంటే, దోషం దారి చివరన, అంటే స్పీకర్‌లోనో దానికి బలమిచ్చే యాంప్లిఫయర్‌లోనో ఉన్నది. రెండింటిలోనూ గరగర ఉంటే దోషం అంతకు ముందే పుట్టింది. అప్పుడు స్పీకర్‌ను మార్చడం వృథా వ్యయం. యు.ఎస్.బి. ద్వారా పనిచేసే ఇయర్‌ఫోన్ దొరికితే మరొక మెట్టు తెలుస్తుంది. అంకెలను విద్యుత్తుగా మార్చే చిప్పు దానికి వేరుగా ఉంటుంది. అందులో స్వచ్ఛంగా ఉండి, మిగిలిన రెండింటిలో గరగర ఉంటే ల్యాప్‌టాప్ లోపలి శబ్దపు చిప్పునో దాని డ్రైవర్‌నో అనుమానించాలి. మూడింటిలోనూ గరగర ఉంటే దోషం ఆపరేటింగ్ సిస్టం దగ్గరో, అంతకు ముందో ఉన్నది.

నాలుగవ పరీక్ష చార్జర్‌ను తీసివేసి బ్యాటరీ మీద నడపడం. ఐదవది బ్లూటూత్, వై-ఫైలను ఒకదాని తరువాత ఒకటి ఆపి చూడడం. ఆరవది పెన్‌డ్రైవ్‌లో ఉంచిన ఉబుంటువంటి మరొక ఆపరేటింగ్ సిస్టంతో యంత్రాన్ని తాత్కాలికంగా నడపడం. దీనివల్ల హార్డ్‌డిస్కులోని పాత వ్యవస్థ చెక్కుచెదరదు. కొత్త వ్యవస్థలో శబ్దం శుభ్రంగా వస్తే యంత్రం దేహానికి జబ్బు లేదని, మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లోనే చిక్కు ఉన్నదని నిశ్చయించవచ్చు. అక్కడా గరగర వినిపిస్తే దేహదోషానికి అవకాశం ఎక్కువ.

నిదానం, చికిత్స

పరీక్షల వల్ల దోషస్థానం తెలిసిన తరువాత చికిత్స కష్టం కాదు. సాఫ్ట్‌వేర్ దోషాలతో మొదలుపెడదాం. విండోస్‌లో 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' అనే అలంకారాలు ఉంటాయి. ధ్వనికి మెరుగులు దిద్దడం వీటి పని. అలంకారం మితిమీరితే కావ్యం చెడినట్లే, ఇవి కొన్ని యంత్రాలలో శబ్దాన్ని చెరుస్తాయి. వీటిని ఆపి చూడాలి. సెకనుకు ఎన్ని కొలతలు వాడాలో తెలిపే అమరికను 44,100 నుంచి 48,000కు, లేదా దానికి విలోమంగా మార్చి చూడవచ్చు. అప్‌డేట్ తరువాత చిక్కు మొదలై ఉంటే 'డివైస్ మేనేజర్'లో పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్ళడం, లేదా తయారీదారుల వెబ్‌సైట్ నుంచి సరైన డ్రైవర్‌ను తెచ్చుకొని ఎక్కించడం మార్గం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలను కొత్త వ్యవస్థకు మార్చేవారు శబ్దపు డ్రైవర్‌ను ప్రత్యేకంగా సరిచూసుకోవడం మంచిది.

బఫర్ ఎండిపోవడానికి కారణం శబ్దవిభాగంలోనే ఉండనక్కరలేదు. నెట్‌వర్క్‌కు సంబంధించిన డ్రైవర్ ఒకటి ప్రాసెసర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచితే శబ్దానికి వంతు అందదు. ఏ డ్రైవర్ ఇట్లా ఆలస్యం చేస్తున్నదో చూపే 'లేటెన్సీమాన్' వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. గాలి బయటికి పోయే సందులలో దుమ్ము పేరుకొని యంత్రం వేడెక్కినా ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పుడూ శబ్దధార తెగవచ్చు. దోషం ఒకచోట, లక్షణం మరొకచోట ఉండడానికి ఇది మంచి నిదర్శనం.

చార్జర్ తీసివేయగానే హోరు ఆగిపోతే కారణం విద్యుత్తులో ఉన్నది. మన దేశంలో గృహవిద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో ప్రవహిస్తుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లో దాని ఛాయ శబ్దంలోకి చొరబడుతుంది. బయటి స్పీకర్లను తీగతో కలిపినప్పుడు ఈ హోరు మరింత తెలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్లో పట్టదని ఎర్త్ పిన్నును విరిచివేయడం కొందరి అలవాటు. అది శబ్దానికే గాక ప్రాణానికీ ప్రమాదకరం. సాకెట్‌ను సరిచేయించాలే గాని ప్లగ్గును విరవకూడదు.

గాలిలోని రేడియో తరంగాలు కూడా శబ్దాన్ని చెరపగలవు. రెండవ తరం సెల్‌ఫోన్ సంభాషణవేళ సెకనుకు సుమారు 217 సార్లు విడివిడిగా తరంగాలను వెదజల్లుతుంది. పక్కనున్న స్పీకర్‌లో పిలుపు రాకముందే వినిపించే 'టకటక' దాని ప్రభావమే. ఫోన్‌ను దూరంగా జరిపితే చాలు. బ్లూటూత్, చాలా వై-ఫై పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యి దాదాపు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పనిచేస్తాయి. అందువల్ల బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం తెగితెగి వస్తుంటే దగ్గరికి జరగడం, అడ్డాలను తొలగించడం మొదటి ఉపాయం.

ఇక దేహదోషాలు. స్పీకర్ జాలీలో దుమ్ము చేరితే పొడిగా ఉన్న మెత్తని కుంచెతో తుడవాలి. సూదితో పొడవరాదు, లోపలి పొర కాగితం కన్న సున్నితమైనది. నోటితో ఊదితే తేమ చేరుతుంది. ఇయర్‌ఫోన్ రంధ్రంలో మురికి చేరినా, లోపలి స్పర్శలు చిలుము పట్టినా శబ్దం తెగుతుంది. యంత్రాన్ని ఆపి, ప్లగ్గును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే తాత్కాలికంగా సర్దుకోవచ్చు. పొర చిరిగితే మాత్రం సాఫ్ట్‌వేర్ చికిత్సలేవీ పనిచేయవు. స్పీకర్‌ను మార్పించడమే శరణ్యం. వారంటీ ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి.

ఒక్క లక్షణాన్ని మాత్రం ఎన్నడూ ఉపేక్షించరాదు. గరగరతోపాటు ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బినట్లు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్లు కనిపిస్తే లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అది చుట్టుపక్కల భాగాలను నొక్కుతుంది. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపి, చార్జింగ్ మాని, నొక్కకుండా, గుచ్చకుండా నిపుణులకు అప్పగించాలి. నిప్పు అంటుకొనే ప్రమాదమున్నది. ఇక్కడ నిదానమంటే స్వయంగా విప్పిచూడడం కాదు, విప్పకూడదని తెలుసుకోవడం.

చెవిని కాపాడుకోవడం

స్పీకర్ గరగరలాడితే మాట వినబడడానికి ధ్వనిని పెంచడం సహజం. పెంచినకొద్దీ వికృతి పెరుగుతుంది; వినేవాడు ఇంకా పెంచుతాడు. ఇయర్‌ఫోన్‌తో ఇట్లా చేసేవారికి నష్టం చెవికే. పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. ధ్వని పెరిగినకొద్దీ ఈ కాలం త్వరగా తగ్గిపోతుంది. చెడిన స్పీకర్‌ను మార్చవచ్చు. అతిధ్వని వల్ల నశించిన చెవిలోని సూక్ష్మకణాలు మనుషులలో తిరిగి మొలకెత్తవు.

దోషం ఎక్కడుందో తెలియక యంత్రాన్నే మార్చేవారు ఎలుక బాధకు ఇంటికి నిప్పు పెట్టుకొన్నవారితో సమానులు. ఒక అమరికను మార్చితే పోయే దోషానికి కుటుంబం వేల రూపాయలు వెచ్చించవలసి వస్తుంది. ఇంకా పనిచేయగల యంత్రం చెత్తలో చేరుతుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను నియంత్రించడానికి మన దేశంలో 2022లో వెలువడిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వ్యర్థాన్ని సక్రమంగా వదిలించుకోవడం మంచిదే. దానిని పుట్టించకపోవడం అంతకన్న మంచిది.

గరగరమనే ల్యాప్‌టాప్‌ను ముందుంచుకొని ఒక విద్యార్థి ఫైలును మార్చి, ధ్వనిని తగ్గించి, ఇయర్‌ఫోన్ పెట్టి, చార్జర్ తీసి, ప్రతిసారీ చెవియొగ్గి విని, ఫలితాన్ని వ్రాసుకొంటున్నాడంటే అతడు మెకానిక్కు పనిని మాత్రమే చేయడం లేదు. మాటను ప్రకృతిగా ప్రత్యయంగా విడదీసిన వైయాకరణుడు, జ్వరానికి కారణాన్ని అన్వేషించిన వైద్యుడు నడిచిన బాటలోనే నడుస్తున్నాడు. సర్వీస్ సెంటరుకు పోక తప్పకపోయినా, 'సౌండు బాగాలేదు' అని చేతులు కట్టుకొని నిలబడడు. 'ఇయర్‌ఫోన్‌లో బాగున్నది, స్పీకర్‌లో మాత్రమే, అదీ గట్టిగా పలికినప్పుడే జీరబోతున్నది' అని చెప్పగలుగుతాడు. అట్లా చెప్పగలిగినవానికి అక్కరలేని భాగాన్ని అంటగట్టడం ఎవరికీ సులభం కాదు.

కఠిన పదాలు – అర్థాలు

వివేచన : మంచిచెడ్డల విచారణ
వైయాకరణుడు : వ్యాకరణం తెలిసినవాడు
ఉపశమనం : తగ్గుదల, ఊరట
విపణి : అంగడి
ఝుంకారం : తుమ్మెద చేసే ధ్వని
బోదె : పొలంలోని చిన్న నీటికాలువ
వికృతి : సహజరూపం చెడడం
ఉపేక్షించు : పట్టించుకోకుండా ఉండు
శరణ్యం : దిక్కు, గతి

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ల్యాప్‌టాప్‌లో శబ్దం అంకెల రూపం నుంచి చెవిని చేరే వరకు నడిచే దారిని వివరించండి.
2. అన్వయ వ్యతిరేక పద్ధతి యంత్రపరీక్షకు ఎట్లా ఉపయోగపడుతుందో సోదాహరణంగా తెలపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. 'నిదానం' అనే మాటకు సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉన్న అర్థాలేమిటి?
2. ఇయర్‌ఫోన్ పరీక్ష ఎందుకు ముఖ్యమైనది?
3. ఉబ్బిన బ్యాటరీ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

ఇ. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. బఫర్ అంటే ఏమిటి?
2. రోగనిర్ణయానికి ఆయుర్వేదం చెప్పిన ఐదు సాధనాలేవి?

ఈ. భాషాంశాలు
1. పాఠంలోని ధ్వన్యనుకరణ పదాలను ఏరి, ఒక్కొక్కదానిని సొంతవాక్యంలో ప్రయోగించండి.
2. విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెలపండి : శబ్దధార, మూలకారణం, యంత్రపరీక్ష.
3. మీ ఇంట్లో చెడిన ఒక వస్తువును తీసుకొని, దాని దోషాన్ని కనుగొనడానికి చేయవలసిన పరీక్షలను వరుసగా వ్రాయండి.